రిఫ్రెష్ కొడితే సిస్టమ్ స్పీడవుతుందా?

కంప్యూటర్ ఆన్ కాగానే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి, రిఫ్రెష్‌ను నాలుగైదుసార్లు టకటకా నొక్కేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరైనా ఉంటారు. నేనూ ఏళ్ల తరబడి నొక్కాను. కంప్యూటర్ సెంటర్‌లో నేర్పిన సారు నొక్కేవారు, ఆయన్ని చూసి మేమూ నొక్కాం. ఎందుకని ఆయన్ని ఎవరూ అడగలేదు.

దానివల్ల జరిగేది ఒక్కటే. డెస్క్‌టాప్ మీది ఐకాన్లను విండోస్ మళ్లీ ఓసారి గీస్తుంది. ఇప్పుడే కాపీ చేసిన ఫైల్ కనబడకపోతే కనబడుతుంది. అంతేగానీ ర్యామ్ ఖాళీ కాదు. నష్టమూ లేదు కాబట్టి ఈ అలవాటును అలాగే ఉండనిద్దాం. అసలు చిక్కు మిగతా చిట్కాలతోనే. వాటిలో చాలావరకు 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటివి. సిస్టమ్‌లు ఎన్నో తరాలు మారాయి, చిట్కాలు మాత్రం యూట్యూబ్ వీడియోలుగా కొత్త జన్మ ఎత్తుతూనే ఉన్నాయి.

అపోహ: రన్‌లో ‘ప్రీఫెచ్’ అని కొట్టి, వచ్చినవన్నీ డిలీట్ చేస్తే వేగం పెరుగుతుంది

ఏ ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఏయే ఫైళ్లు కావాల్సి వచ్చాయో విండోస్ రాసి పెట్టుకునే చీటీలే ఈ ప్రీఫెచ్ ఫైళ్లు. మరోసారి అదే ప్రోగ్రామ్ తెరిస్తే ఆ చీటీ చూసి సరంజామా ముందే సిద్ధం చేసుకుంటుంది. అవి చించి పారేస్తే మొదటిసారి తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, ఆ తర్వాత విండోస్ ఓపిగ్గా అవే చీటీలు మళ్లీ రాసుకుంటుంది. పాతబడినవాటిని తనే తీసేస్తుంది కూడా. టెంప్ ఫోల్డర్ సంగతి వేరు. దాన్ని ఖాళీ చేస్తే జాగా మిగులుతుంది. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత కనబడుతుంటే ఆ జాగా అక్కరకొస్తుంది. ఆ పని సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ సెన్స్‌కు అప్పగించొచ్చు.

‘ఎంఎస్‌కాన్ఫిగ్’లో ప్రాసెసర్ల సంఖ్య పెంచమనే చిట్కా కూడా ఈ కోవదే. ఆ సంఖ్య పక్కనున్న గడిలో టిక్ లేకపోతే విండోస్ ఉన్న కోర్లన్నిటినీ వాడుకుంటుంది. ఆ గడి పెట్టింది కోర్లను తగ్గించి పరీక్షించుకునేవాళ్ల కోసం. అక్కడ నొక్కి మీరు పెంచగలిగేదేమీ లేదు, పొరపాటున తగ్గించుకోగలరంతే.

అపోహ: ర్యామ్ ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది

ఖాళీ ర్యామ్ పనిలేని ర్యామ్. 2007 నాటి విస్టా నుంచీ విండోస్, మీరు తరచూ వాడేవాటిని ముందుగానే ర్యామ్‌లోకి తెచ్చి ఉంచుతోంది. వేరే ప్రోగ్రామ్‌కు చోటు కావాలంటే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. ‘ర్యామ్ బూస్టర్లు’ అలా చేర్చిపెట్టినదాన్ని బయటికి నెట్టేసి, చూశారా ఎంత ఖాళీ చేశామో అని గొప్పలు పోతాయి.

రిజిస్ట్రీ క్లీనర్లదీ అదే వరస. నాలుగు పనికిరాని ఎంట్రీలు తీసేసినంత మాత్రాన వేగం రాదు, పనికొచ్చేది పోతే మాత్రం ప్రోగ్రామే తెరుచుకోదు. పైగా 2017లో పేరున్న సీక్లీనర్ అధికారిక డౌన్‌లోడ్‌లోకే హ్యాకర్లు మాల్వేర్ దూర్చారు. శుభ్రం చేసుకుందామని దించుకున్న 20 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి అది చేరింది.

అపోహ: రోజూ షట్‌డౌన్ చేస్తున్నాను, ఇంక రీస్టార్ట్ దేనికి?

చదువుకున్నవాళ్లు, సిస్టమ్ ముందే ఉద్యోగం చేసేవాళ్లు కూడా బోల్తాపడేది ఇక్కడే. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ కొడితే మీ ప్రోగ్రామ్‌లు మూతపడతాయి గానీ, విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ పూర్తిగా ఆగదు. దాని స్థితి డిస్క్ మీదికెక్కి, మర్నాడు పొద్దున అక్కణ్నుంచే లేస్తుంది. అందుకే అంత తొందరగా ఆన్ అవుతుంది. నిన్న డ్రైవర్‌కు పట్టిన తిక్క కూడా దాంతోపాటే లేస్తుంది మరి. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

నమ్మకం కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర ‘అప్ టైమ్’ చూడండి. మా బావగారు రోజూ రాత్రి షట్‌డౌన్ చేసి, మూత కూడా వేసి పడుకునే మనిషి. ఆయన ల్యాప్‌టాప్‌లో అది పంతొమ్మిది రోజులు చూపించింది. ఒక్క రీస్టార్ట్‌తో, పొద్దుటినుంచి మొండికేసిన ప్రింటర్ పలికింది.

అపోహ: అప్‌డేట్లు ఆపేస్తే డేటా మిగులుతుంది, సిస్టమ్ నెమ్మదించదు

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. మే 12న వనాక్రై అనే మాల్వేర్ వచ్చిపడింది. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారినపడ్డాయి. పాత ఎక్స్‌పీల వల్లే ఇదంతా అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 సిస్టమ్‌లు. వాటికి మందు, అంటే ఆ మార్చి అప్‌డేట్, రెండు నెలల ముందే వచ్చింది, వేసుకోనివాళ్లే పడిపోయారు.

ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చేవాళ్ల డేటా బాధ నిజమే. దానికి ఆ వైఫై కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని పెట్టుకుంటే చాలు, అప్‌డేట్లలో చాలావరకు ఇంటి వైఫై దొరికేదాకా ఆగుతాయి. ‘యాక్టివ్ అవర్స్’ పెట్టుకుంటే పని వేళ రీస్టార్ట్ బెడద ఉండదు. మొత్తంగా ఆపేయాల్సిన పనిలేదు.

అపోహ: పీడీఎఫ్, ఫోటో అయితే తెరవొచ్చు, అందులో వైరస్ ఏముంటుంది?

అది పీడీఎఫ్ అని మీకెలా తెలిసింది? విండోస్ ఫైల్ పేరు చివరి ముక్కను మామూలుగా దాచేస్తుంది. ‘హాల్‌టికెట్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అన్నది మీకు ‘హాల్‌టికెట్.పీడీఎఫ్’గానే కనబడుతుంది. బొమ్మ కూడా పీడీఎఫ్‌దే తగిలిస్తారు. 2000 మే నెలలో లోకాన్ని చుట్టేసిన ‘ఐ లవ్ యూ’ వైరస్ సరిగ్గా ఇలాగే, ప్రేమలేఖ టెక్స్ట్ ఫైల్‌లా వేషం కట్టింది. పాతికేళ్లు దాటినా ఆ ముక్కను దాచడం విండోస్ మానలేదు, ఎందుకో నాకు అంతుపట్టదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అక్కడ ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ మీద టిక్ పెట్టండి. ఈ వ్యాసంలోంచి ఒక్క సెట్టింగే మారుస్తానంటే నేను చెప్పేది ఇదే.

అపోహ: స్లో అయితే ఫార్మాట్ కొట్టించడమే మార్గం

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ జాబితా చూడండి. అడగకుండానే లేచి కూర్చునేవాటిని డిజేబుల్ చేయండి. ఏ పనీ చేయకుండానే డిస్క్ 100 శాతం చూపిస్తుంటే, లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉందేమో కనుక్కోండి. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే వేగం ఏ సెట్టింగ్ మార్చినా రాదు. దాన్ని డీఫ్రాగ్ చేయించాలన్న దిగులూ అక్కర్లేదు, ఎస్‌ఎస్‌డీకి కావాల్సిన సంరక్షణ విండోస్ తనే చూసుకుంటుంది.

ఫార్మాట్ తప్పదనుకుంటే షాపులో రెండు మాటలు అడగండి. డెస్క్‌టాప్ మీది ఫోటోలూ కాగితాలూ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ‘సీ ఒక్కటే కొడతాం’ అంటే అవి పోతాయి, బ్యాకప్ తీశారా అని ఒకటి. ఏ విండోస్ వేస్తున్నారు, లైసెన్స్ ఉందా అన్నది రెండోది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇక లైసెన్స్ లేకుండా క్రాక్ వేసేటప్పుడు, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయాలంటాడు చూడండి షాపతను, ఆ మాట అన్న చోట ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేయండి.