పాటకు ముందే అతుకు చెప్పాలి

అలంపురంలో యాత్రికులు చూసే కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురంలో కట్టింది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట చాళుక్యులు కట్టిన గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయీ రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ సంగతి పాలమూరు జనం ఎవరూ దాచరు. చెప్పినందుకు గుడి గొప్పతనం వీసమెత్తు తగ్గలేదు. పాత ఆటసామాను వేలం వేసేవాళ్లలో కొందరికే ఈ పద్ధతి మింగుడుపడదు.

ఆ వ్యాపారంలో అన్నిటికన్నా పేరుమోసిన సరుకు ఓ చిన్న అట్టముక్క. హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మతో 1909-11 మధ్య అమెరికాలో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన కార్డు. వాటిలో ఒకటి 2007లో 28 లక్షల డాలర్లు పలికింది. సిగరెట్ పెట్టెలోంచి వచ్చిన అట్టకు అంచులు అంత పదునుగా ఎలా మిగిలాయి? 2013లో జవాబు దొరికింది. ఒకప్పుడు దాన్ని అమ్మిన బిల్ మాస్ట్రో, పక్క అంచులు తానే కత్తిరించానని ఒప్పుకున్నాడు. తన వేలం సంస్థలో దొంగపాటలు పాడించి ధరలు పెంచిన కేసులో 2015లో అతనికి 20 నెలల జైలు పడింది.

మనవాళ్లకు మోజు క్రికెట్ బ్యాట్ల మీద. పాత బ్యాటు చేతికొస్తే సంతకం తర్వాత చూడండి, ముందు మెడ చూడండి. పిడి చెక్కలోకి దిగేచోట కొత్త జిగురు గీత కనిపిస్తే పిడి మార్చినట్టే. గరుకు కాగితంతో ముఖం రుద్దితే బ్యాటు తళతళలాడుతుంది, ఎర్రబంతి మచ్చలు మాత్రం పోతాయి. ఆ మచ్చల కోసమే కదా కొనేది! ఇక వెలిసిపోయిన సంతకం మీద మళ్లీ పెన్ను దిద్దడం నా లెక్కలో మరమ్మతు కానే కాదు, ఫోర్జరీ. అదే చీలిన చెక్కకు ఆటగాడే దారం చుట్టించుకుని ఉంటే, ఆ దారం చూసి ఇంకో రెండు పాటలు ఎక్కువే వస్తాయి. అందుకే 'మరమ్మతు జరిగింది' అనే ముక్తసరి మాట చాలదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేయి పెట్టారో రాయాలి.

చట్టం కొత్తదేమీ కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. అమ్మేవాడు దొంగపాటతో ధర పెంచితే కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు.

2021లో ప్రధానికి వచ్చిన కానుకల ఈ-వేలంలో పి.వి. సింధు టోక్యో రాకెట్‌కు ప్రారంభ ధరే 80 లక్షలు. అలాంటి రాకెట్ కొన్నవాళ్లు ముచ్చటపడి కొత్త గట్టింగ్ చేయించారనుకోండి. ఫ్రేము అదే, గ్రిప్పు అదే. ఒలింపిక్స్‌లో షటిల్‌కు తగిలిన దారాలు మాత్రం ఉండవు. రేపు మళ్లీ అమ్మదలిస్తే, కోసి తీసిన ఆ పాత దారాలనూ, గట్టింగ్ చేసిన షాపు బిల్లునూ రాకెట్‌తోపాటే పాటకు పెట్టాలి.