అర్థం లేని నంబరే మేలు

డాక్యుమెంట్ డేటాబేస్‌లో ఒక మనిషి వివరాలన్నీ, లేదా ఒక ఆర్డరు వివరాలన్నీ ఒకే పత్రంగా ఒకచోట ఉంటాయి. లక్షల పత్రాల్లో కావలసినదాన్ని పట్టుకోవాలంటే దానికంటూ ఒక గుర్తింపు ఉండాలి. ముందుగా తట్టేది పేరో ఫోన్ నంబరో. పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు, వెంకటేశ్వరరావులు వీధికొకరుంటారు. వదిలేసిన ఫోన్ నంబరును కొన్నాళ్లకు కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఇక బళ్ల నంబర్లు చూడండి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ‘ఏపీ’ పోయి ‘టీఎస్’ వచ్చింది, 2024లో అది ‘టీజీ’ అయింది. పాత బళ్ల మీద పాత అక్షరాలే ఉన్నాయి కనుక, ‘ఏపీ’ అని కనబడినంత మాత్రాన అది ఆంధ్రా బండి అనలేం. గుర్తింపులో ఎంత సమాచారం కుక్కితే అది అంత తొందరగా అబద్ధమైపోతుంది. ఆధార్ ఈ చిక్కులో పడలేదు: ఆ 12 అంకెల్లో ఊరూ లేదు, పుట్టిన తేదీ లేదు.

మాంగోడీబీ అనే డేటాబేస్ దాదాపు ఇదే దారి పట్టింది. మనం ఏమీ ఇవ్వకపోతే ప్రతి పత్రానికీ 12 బైట్ల ‘ఆబ్జెక్ట్ ఐడీ’ తయారవుతుంది. మొదటి 4 బైట్లు అది పుట్టిన క్షణం, తర్వాతి 5 యాదృచ్ఛికం, చివరి 3 పెరుగుతూ పోయే లెక్క. అందువల్ల ఒక సర్వరు మరోదాన్ని అడగకుండానే కొత్త ఐడీ ఇవ్వగలదు. ఈ ఐడీకి ఇండెక్స్ దానంతటదే ఏర్పడుతుంది కాబట్టి, పత్రాలన్నీ తిరగెయ్యకుండా నాలుగైదు మెట్లలో అసలుదాన్ని చేరుకోవచ్చు. మరి క్షణం కూడా సమాచారమే కదా అంటే, నిజమే. కాకపోతే పుట్టిన క్షణం ఫోన్ నంబరులా రేపు మారేది కాదు. వెబ్ చిరునామాలో ఐడీ కనిపిస్తే పత్రం ఎప్పుడు పుట్టిందో బయటివాళ్లకు తెలిసిపోతుందన్నది మాత్రం కొట్టిపారెయ్యలేని అభ్యంతరం. ఆ గుట్టు ముఖ్యమైన చోట పూర్తిగా యాదృచ్ఛికమైన ఐడీ వాడుకోవాలి. ఏ ఐడీ అయినా పాస్‌వర్డ్ కాదు. చూసే హక్కు ఉందో లేదో విడిగా తేల్చాల్సిందే.

ఈ ఐడీ తెర మీద ఇరవైనాలుగు అక్షరాలుగా కనిపిస్తుంది, అన్ని ఎవరికి గుర్తుంటాయన్నది ఇంకో ఫిర్యాదు. ఎవరికీ గుర్తుండనక్కర్లేదు. కస్టమరు ఫోన్ నంబరే చెబుతాడు, దానికీ ఓ ఇండెక్స్ పెడితే సరి. ఆర్డరు పత్రం మాత్రం ఆ కస్టమరు ఐడీనే పట్టుకుని ఉంటుంది. రేపు నంబరు మారితే దిద్దాల్సింది ఒక్క చోటే. అసలు తంటా మరోచోట ఉంది. తెర మీద 24 అక్షరాలుగా కనిపించేది లోపల అక్షరాలుగా లేదు. దాన్ని మామూలు అక్షరాల వరుసగానే వెతికితే పత్రం కళ్లముందున్నా డేటాబేస్ ఖాళీ చేతులు చూపిస్తుంది, తప్పు జరిగిందని చెప్పదు. వెతికే ముందు ఆబ్జెక్ట్ ఐడీగా మార్చుకుంటే ఇది తప్పుతుంది. పైగా ఒక అక్షరం తగ్గినా మార్పు దగ్గరే ఎర్రర్ వస్తుంది కాబట్టి, పత్రం లేదా, అడిగిన తీరే తప్పా అన్నది అక్కడే తేలిపోతుంది.