చెక్క పియానో, కరెంటు పియానో – వాయించే చెయ్యి ఒక్కటే

మిషన్ వస్తే చేతిపని ఏమైతది? ఈ ప్రశ్న మిల్లుల్లో బతికిన మనకు కొత్త కాదు. సంగీతం వాయించేవాళ్ళకూ ఇదే ప్రశ్న వచ్చింది. దానికి తన దారిలో జవాబు చెప్పినవాడు అమెరికాలో హెర్బీ హాన్‌కాక్. జాజ్ అని అక్కడి నల్లజాతివాళ్ళు పుట్టించిన సంగీతం ఉంది. అందులో ఆయన పియానో వాయిస్తాడు.

1940లో షికాగోలో పుట్టాడు. 7 ఏళ్ళకు పియానో మొదలుపెట్టి, 11 ఏళ్ళకే ఆ ఊరి పెద్ద ఆర్కెస్ట్రాతో కలిసి వాయించాడు. కాలేజీలో మాత్రం ముందు ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరి, తర్వాత సంగీతానికి మారాడు. కరెంటు సంగతి అట్లా ముందే తెలుసు.

చెక్క పియానోకు 88 మీటలు. మీట నొక్కితే లోపల మెత్తటి ఉన్ని అంటించిన చిన్న సుత్తి లేచి ఉక్కు తీగను కొడుతుంది. కరెంటుతో పనిలేదు. ఫెండర్ రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానోలో తీగలుండవు. సుత్తి సన్నటి లోహపు పుల్లను కొడితే, ఆ అదురు కరెంటుగా మారి స్పీకరుకు పోతుంది. సింథసైజరులో సుత్తి కూడా లేదు. శబ్దం సర్క్యూటులోనే పుడుతుంది.

హాన్‌కాక్ చిన్నప్పుడు వాళ్ళ పేటలో పుచ్చకాయల బండి తిరిగేది. రాళ్ళు పరిచిన సందుల్లో దాని చక్రాలు చేసే చప్పుడునే తాళంగా పట్టి ‘వాటర్‌మెలన్ మ్యాన్’ అనే పాట కట్టాడు. 1962లో దాన్ని చెక్క పియానో మీద వాయించాడు. 1973లో ‘హెడ్ హంటర్స్’ ఆల్బంలో అదే పాటను కరెంటు వాయిద్యాలతో మళ్ళీ చేశాడు. మొదట్లో ఖాళీ బీరు సీసా ఊదిన చప్పుడూ ఉంటది. ఆ ఆల్బంలోనే ‘కమీలియన్’ అనే పాటలో లావుపాటి శబ్దం వస్తుంది. గిటారు అనుకుంటాం గాని, అది ఆయన సింథసైజరు మీద చేత్తో వాయించిందే. ఆల్బం పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అయినా ఇది జాజే కాదని తిట్టినవాళ్ళున్నారు.

1983లో ‘రాకిట్’ పాటకు డ్రమ్ మిషన్ కూడా పెట్టాడు. మరి డ్రమ్ములు కొట్టేవాడి గతేంది? అంతకు ముందు ఏడాదే లండన్‌లో సంగీతకారుల యూనియన్ శాఖ ఒకటి ఈ మిషన్లను నిషేధించాలని తీర్మానం చేసింది. వాళ్ళ భయం ఉత్తదని నేననను. ఆటోమేటిక్ సాంచెలు దిగినప్పుడు మన దగ్గర ఎంతమంది చేతులు ఖాళీ అయ్యాయో కళ్ళారా చూసినవాణ్ణి.

కానీ ఒక తేడా ఉంది. మనకు ఏ మిషన్ రావాలో మాలికే అనుకున్నాడు. మనల్ని అడగలేదు. హాన్‌కాక్ మిషన్‌ను తనే ఎంచుకున్నాడు, దాని లోపలి పని నేర్చుకున్నాడు. చెక్క పియానోనూ వదల్లేదు. 1978లో చిక్ కొరియా అనే ఇంకో పెద్ద కళాకారుడితో కలిసి, రెండు చెక్క పియానోలతోనే కచేరీలు చేశాడు. మిషన్ మంచిదా చెడ్డదా అన్నది అది ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పాలె.

ఇంట్లో పిల్లల్ని అడిగి ఫోనులో ఆ పుచ్చకాయల పాట పెట్టించుకోండి. ముందు 1962ది, తర్వాత 1973ది. వాయిద్యాలు మారినా పాట అదేనని మీ చెవికే తెలుస్తది.