యాంప్లిఫయర్‌లో ఆ 'టక్' ఏంటి?

పెద్ద యాంప్లిఫయర్ ఏదైనా ఆన్ చేసి చూడండి. స్విచ్ వేసిన రెండు మూడు సెకన్లకి లోపల 'టక్' మంటుంది, పాట ఆ తర్వాతే వస్తుంది. యాంప్లిఫయర్‌కీ స్పీకర్‌కీ మధ్య కాపలా ఉండే రిలే చప్పుడు అది. లోపల వోల్టేజీలన్నీ కుదురుకునేదాకా స్పీకర్‌ని కలపదు. ఆన్ చేయగానే 'ధబ్' మనకుండా ఉండేది అందుకే. కానీ దాని అసలు డ్యూటీ వేరే ఉంది.

స్పీకర్‌కి శత్రువు పెద్ద సౌండ్ అనుకుంటాం. అంతకంటే ప్రమాదం డీసీ. పాట అంటే ఏసీ, కాయిల్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఇప్పుడు ప్లస్ 40, మైనస్ 40 వోల్టుల సప్లైతో నడిచే యాంప్లిఫయర్ ఒకటి తీసుకుందాం. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయేటప్పుడు ఎక్కువగా షార్ట్ అయ్యే పోతాయి. అలా ఒకటి పోతే ఆ 40 వోల్టులు నేరుగా స్పీకర్ మీద పడతాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌ని మల్టీమీటర్‌తో కొలిస్తే దాదాపు 6 ఓమ్‌లే చూపిస్తుంది. అంటే 6.7 ఆంపియర్లు, సుమారు 267 వాట్ల వేడి! మన ల్యాబ్‌లో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు పది కలిపి ఆ సన్నటి తీగచుట్టలో పెట్టినట్టు. పైగా కోన్ ఒక పక్కకి వెళ్లి ఆగిపోతుంది కాబట్టి గాలి కూడా ఆడదు.

ఫ్యూజ్ ఉంది కదా అంటారు. గట్టి పాటకి కూడా పోకుండా ఉండాలని 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టారనుకోండి, 6.7కి అది వెంటనే పోదు. ఈలోపు కాయిల్ మాడిపోతుంది.

అందుకే డీసీని పసిగట్టే సర్క్యూట్ ఉంటుంది. దాని గుండె ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. మన సీఎస్‌ఈ వాళ్ల భాషలో మూవింగ్ యావరేజ్ అన్నమాట. పాట సగటు సున్నా, కాబట్టి కెపాసిటర్ మీద ఏమీ పోగవదు. డీసీ అయితే పోగై, ఒక హద్దు దాటగానే ట్రాన్సిస్టర్ రిలేని వదిలేస్తుంది. విండో చిన్నదైతే బాస్ దెబ్బకే రిలే పడిపోతుంది, మరీ పెద్దదైతే కాయిల్ పోయాక మేలుకుంటుంది. రెండు స్పీకర్ వైర్లు ఒకదానికొకటి తగిలితే చూసుకునేది ఇది కాదు, దానికి కరెంట్ లిమిటర్ వేరే. 0.22 ఓమ్‌ల రెసిస్టర్ మీద 3 ఆంపియర్లు పారితే 0.66 వోల్టులు వస్తాయి, దాంతో ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఆన్ అయి పెద్దదాన్ని అణిచేస్తుంది.

నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడుంది. రిలే 'టక్' మని విడిపోయినంత మాత్రాన కరెంటు ఆగినట్టు కాదు! ఏసీ సెకనుకి ఎన్నోసార్లు సున్నా దాటుతుంది కాబట్టి కాంటాక్ట్‌ల మధ్య నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి సున్నానే లేదు, ఆ మంట అలాగే నిలబడి కరెంటుని మోస్తుంది. ఆర్డ్యూనో ప్రాజెక్టుల్లో వాడే నీలం రిలే పైన చదవండి: 10 ఆంపియర్లు, ఏసీ అయితే 250 వోల్టులు, డీసీ అయితే 30 వోల్టులే. మనకొచ్చేది 40.

మందు రిలేలోనే ఉంది. స్పీకర్‌ని మధ్య కాంటాక్ట్‌కి, యాంప్లిఫయర్‌ని ఒక కాంటాక్ట్‌కి కలిపాక ఖాళీగా మిగిలే మూడో కాలుని గ్రౌండ్‌కి వేయాలి. రిలే పడగానే స్పీకర్ రెండు చివరలూ గ్రౌండ్‌కే కలుస్తాయి. మంట నిలబడినా ఆ కరెంటు స్పీకర్‌లోకి కాక గ్రౌండ్‌లోకే పోతుంది. అప్పుడది మామూలు ఓవర్‌లోడ్ కాదు, పూర్తి షార్ట్. ఇందాక బద్ధకించిన ఫ్యూజ్ ఇప్పుడు ఠక్కున పోతుంది.

ప్రొటెక్షన్ బోర్డు కొంటే ముందు ఈ మూడో కాలు చూడండి. బిగించాక అయితే పవర్ తీసేసి, స్పీకర్ వైర్లు ఊడదీసి, ఔట్‌పుట్ టెర్మినల్స్ రెండిటి మధ్య మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టండి. బీప్ వస్తే గ్రౌండ్ వేసినట్టే. బ్రిడ్జ్ యాంప్లిఫయర్లకి మాత్రం ఈ టెస్ట్ పనికిరాదు, వాటిలో స్పీకర్ రెండో వైరు గ్రౌండ్‌కి వెళ్లదు.