చెరువుకట్ట వాలు జారుటకు గల కారణములు

చెరువుకట్ట బలము దాని యెత్తునందు మాత్రమే లేదు. రెండు ప్రక్కల గల వాలునందును, ఆ వాలును మోయు పాదమునందును కలదు. కట్టక్రింద భూములు గల రైతులు కొందరు మడిని వెడల్పు చేయుటకై కట్టపాదమును ఏటేట కొంచెముగా త్రవ్వుచుందురు. ఇట్లు లభించు నాలుగు మూరల నేలకై ఆయకట్టంతయు అపాయమునకు లోనగును. గొలుసుచెరువులలో ఒకటి తెగినయెడల దాని నీరు క్రింది చెరువుపై బడి దానిని గూడ తెంపవచ్చును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమును ముంచిన మూసీ వరదయందు, ఎగువ నున్న అనేక చెరువులు తెగుటచే నష్టము హెచ్చెను.

మన్ను నిలుచు విధము

వాలునందలి మన్ను తన బరువుచేత ఎల్లప్పుడును క్రిందికి జారజూచును. రేణువుల మధ్య గల రాపిడియు, బంకమన్నునకు గల అంటుకొను గుణమును దానిని ఆపుచుండును. ఎండిన ఇసుకకుప్ప ఒక అడుగు ఎత్తునకు సుమారు ఒకటిన్నర అడుగు వెడల్పున వాలి నిలుచును. రేగడిమన్ను ఎండినప్పుడు గోడవలె నిలుచును గాని యా నిలుకడను నమ్మరాదు. అది వేసవిలో కుదించుకొని లోతుగా బీటలు వారును. వాననీరు ఆ బీటలలో దిగి మన్నును ఉబ్బించి, మెత్తపరచి, జార్చును. మరియు పది అడుగుల కట్టకు చాలిన వాలు ఇరువది అడుగుల కట్టకు చాలకపోవచ్చును. ఎత్తు హెచ్చినకొలది బరువు హెచ్చును గాని మన్నునకు గల అంటు ఆ మేరకు హెచ్చదు.

నీటివలన కీడు

నీరు రేణువుల సందులు నింపి మంటి బరువును హెచ్చించును. ఒక ఘనపుటడుగు నీరు సుమారు 62½ పౌనులు తూగును. అంతేగాక, ఆ నీరు రేణువులను ఎడబాపునట్లు ఒత్తి రాపిడిని తగ్గించును. నిండిన చెరువును ఒక్కసారిగా దింపినచో లోపలివాలు జారుట కలదు. వాలును ఆనుకొని మోయుచుండిన నీరు తొలగిపోవును గాని, కట్టలో ఇంకిన నీరు అంత త్వరగా దిగదు.

పాదము త్రవ్వుట

పాదముననున్న మన్ను పైమన్నునకు ఊత. దానిని తీసిననాడే కట్ట జారకపోవచ్చును. వానలకు నానిన పిదప జారును. అందుచేత త్రవ్వకమే కారణమని పలువురకు తోచదు.

రైతులు గమనింపవలసినవి

1. కట్టపాదమున మన్ను తీయరాదు. పూడికమన్నును, రాళ్ళను కట్ట అంచున కుప్పవేయరాదు.

2. బీటలను వానలకు ముందే త్రవ్వి తెరచి, తడిమన్ను నింపి దిమ్మిసతో గట్టిపరుపవలెను.

3. జారినచోట పాతవాలును మెట్లుగా కోసి, 6 అంగుళముల పొరలుగా మన్నువేసి, ఒక్కొక్క పొరను తడిపి దిమ్మిస కొట్టవలెను.

4. వాలుపై గరిక పెంచవలెను. పెద్ద చెట్లను పెరుగనీయరాదు. వాటి వేళ్ళు కుళ్ళిన పిదప నీటికి దారులగును.

5. వెనుకవాలున ఊట మురికిగా వచ్చినచో కట్టలోని మన్ను కొట్టుకొనిపోవుచున్నదని యెరుగవలెను. ఊటను బంకమన్నుతో మూయరాదు. నీరు లోపల నిలిచి కట్టను మరింత ఒత్తును. మొదట ఇసుకను, దానిపై కంకరను, ఆపైన రాళ్ళను పరచినచో నీరు వెడలును, మన్ను నిలుచును.

6. మత్తడికి పొదలు, పూడిక అడ్డము లేకుండ చూడవలెను. నీరు కట్టమీదుగా పొర్లినచో వెనుకవాలు కోసుకొనిపోవును.

కట్టమీద పొడవునా బీట కనబడినను, పాదమున నేల ఉబ్బినను జాగు చేయక నీటిపారుదల శాఖవారికి తెలుపవలెను. వాలు జారకముందు గంపెడు మంటితో తీరు పని, జారిన పిదప బండ్లకొలది మంటితోను తీరదు.