గంటకొక పిలుపు

గొడ్డుటావు, గొడ్రాలు: ఈ రెండు మాటలకును మూల మొక్కటియే. పత్తిచేల నడుమను, మిరపకళ్ళముల చెంతను బ్రదుకు మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలయందు ఈ మాట యెంత తేలికగా నోరు జారునో సోదరీమణు లెఱుగుదురు. ఆవు ఎదకు రాకున్న సంతకు తోలుదురు. కోడలి కడుపు పండకున్న పేరంటమున వెనుకకు జరుపుదురు. లోప మెక్కడ నున్నదో, అసలు ఆమెయందే యున్నదో లేదో అరయువారు తక్కువ.

సంతానమునకు గర్భాశయమును, అండాశయములును మాత్రమే చాలవు. వానికి ఆజ్ఞ పైనుండి రావలెను. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న చోటు కలదు. అచ్చట పుట్టిన యొక పదార్థము, దాని క్రిందనే యున్న పిట్యూటరీ గ్రంథిని తట్టి లేపును. ఆ గ్రంథి రెండు హార్మోనులను నెత్తురులోనికి వదలును. అవి అండాశయమును చేరి, అండమును పక్వము చేసి విడిపించును. పురుషునియందును ఈ త్రోవయే వృషణములకు పోవును. కావున నింద నొక్కరిపైననే మోపుట శాస్త్రసమ్మతము కాదు.

మెదడు పంపెడి ఆ పదార్థమును పట్టుకొనుట మాటలు కాదు. ఆండ్రూ షాలీ బృందమువారు పందుల మెదళ్ళనుండియు, రోజర్ గిల్లెమిన్ బృందమువారు గొఱ్ఱెల మెదళ్ళనుండియు, లక్షకు పైబడిన ముక్కలు సేకరించి ఏండ్లతరబడి వడబోసిరి. 1971లో దాని నిర్మాణము తేలెను. అది పది అమైనో ఆమ్లములను వరుసగా గ్రుచ్చిన చిన్న దండ! ఇట్టి పొట్టి దండలనే పెప్టైడు లందురు. దీనిని జి.ఎన్.ఆర్.హెచ్. అని పిలుతురు. 1977లో వారిరువురకు నోబెల్ బహుమానము వచ్చినప్పుడు, అందు సగభాగము రోసలిన్ యాలో అను వనితకు లభించెను. నెత్తురులో లేశమాత్రముగా నుండు హార్మోనులను కొలుచు పద్ధతిని, సోలమన్ బెర్సన్‌తో కూడి, కనిపెట్టిన దామెయే. ఆ కొలత లేనిచో ఈ శాస్త్రమంతయు చీకటిలో తడవులాటయే అయియుండెడిది.

పూసల వరుస తెలిసిన పిమ్మట పందులతో పని లేకపోయెను. బ్రూస్ మెరిఫీల్డ్ 1963లోనే పెప్టైడులను ప్రయోగశాలలో గ్రుచ్చు సులువైన పద్ధతిని ప్రకటించియుండెను. మొదటి పూసను రెసిన్ గుళిక కంటించి, ఒక్కొక్క పూసనే చేర్చుచు, ప్రతిసారియు మిగిలినదానిని కడిగివేసి, తుదకు దండను గుళికనుండి విడదీయుదురు. మల్లెలు గ్రుచ్చుటకు ముందు మనము దారపుకొనను ముడివేసికొనుట వంటిదే యిది. చేతితో గ్రుచ్చిన దండలో ఇష్టమైన పూసను మార్చి చూడవచ్చును. సహజమైన దండ కొలది నిమిషములలోనే విరిగిపోవును. ఆరవ పూసను మార్చినచో చాలసేపు నిలుచును. బుసెరెలిన్ అను మందు అట్లు పుట్టినదే.

ఇంక అసలు వింత వినుడు. మెదడునుండి ఈ పిలుపు రాకుండ చేసిన కోతులకు ఎర్నెస్ట్ క్నోబిల్ బృందమువారు కృత్రిమ పెప్టైడును గంటకొకమారు, కొలది నిమిషములపాటు ఎక్కించిరి. పిట్యూటరీ మేల్కొనెను. అదే పెప్టైడును ఎడతెగక ఎక్కించిరి. పిట్యూటరీ మూగవోయెను! 1978లో ఈ సంగతి ప్రకటితమైనది. మన మిరపరైతుల కిది కొత్త కాదు. తడి యిచ్చి, నేల నారనిచ్చి, మరల తడి యిచ్చిన తోట కాయును. నీరు నిలిచినచో వేరు కుళ్ళును.

ఈ రెండు గుణములును నేడు వైద్యమున కక్కఱకు వచ్చుచున్నవి. మెదడు పిలువని స్త్రీలకు చిన్న పంపుద్వారా విరామములతో నిచ్చి అండము విడుదలయగునట్లు చేయుదురు. ఎనిమిదేండ్లైనను నిండకముందే ఈడేరు లక్షణములు కన్పించిన బాలికలకు, ఎడతెగక పనిచేయు రూపమున నిచ్చి ఆ వేగము నాపుదురు.

మఱి హైపోథాలమస్‌ను పిలుచు వా రెవరు? కిస్‌పెప్టిన్ అను మఱియొక పెప్టైడు. దానిని అందుకొను గ్రాహకము చెడిన కొందఱు యౌవనదశకే రాలేదని 2003లో తెలిసినది. వారి గర్భాశయమున దోషము లేదు. పిలుపు చేరలేదు, అంతియే. నేటి ప్రయోగశాలలలో కిస్‌పెప్టిన్ చివరి పది పూసలను కృత్రిమముగా చేసి పరిశోధించుచున్నారు.

అట్టి సీసాలపై పరిశోధనకు మాత్రమే యని ముద్రించియుండును. అది కేవలము లాంఛనము కాదు. అందు సూక్ష్మజీవులు లేవనిగాని, మనుష్యుల కింత మోతాదు తగుననిగాని యెవరును పూచీపడలేదు. పైగా వేళ తప్పిన పెప్టైడు కోరినదానికి విరుద్ధముగా పనిచేయునని కోతులే చూపినవి గదా! సంతానముకొఱకు తపించు ఇల్లాలికి ఎవరేని అట్టి పొడి తెచ్చియిచ్చినచో, ముట్టక వైద్యురాలికి చూపవలెను.

పశువుల విషయమున మార్గము సుగమమైనది. గుంటూరు చెంత లాం గ్రామమున ఒంగోలు జాతి పశువులకై పరిశోధనాస్థానము కలదు. ఎద సరిగా తెలియని ఆవులకు పశువైద్యు లనుసరించు క్రమ మొకటి యున్నది. మొదటి దినమున బుసెరెలిన్ పది మైక్రోగ్రాములు, అనగా గ్రాములో లక్షవ వంతు. ఏడు దినములకు ప్రోస్టాగ్లాండిన్ అను వేఱు మందు. మఱి రెండు దినములకు బుసెరెలిన్ మరల. దాదాపు పదునాఱు గంటల పిమ్మట కృత్రిమ గర్భధారణ. అరపు లేకున్నను ఆవు తీగలు వేయుటను ముందుగా గుర్తించునది పాలు పిదుకు ఇల్లాలే. సూది వేసిన దినమును, గంటను ఆమె గోడనున్న పంచాంగముపై వ్రాసియుంచినచో, తరువాతి సూదికి డాక్టరు గారిని వేళకు పిలువవచ్చును.