పెరటిలోని కారుషెడ్డు ఇంటి ధరను పెంచుతుందా?

ఇంటికి ఆనుకోకుండా, పెరటిలోనో పక్క ఖాళీలోనో విడిగా ఒక కారుషెడ్డు కట్టిస్తే, రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఆ ఖర్చు తిరిగి వస్తుందా? ఊరిగాం, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట ప్రాంతాలలో ఇది చిన్న ప్రశ్న కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఇక్కడి అనేక కుటుంబాలకు సొంత ఇల్లే మిగిలిన ఆస్తి. పిల్లల పై చదువుకో, పెళ్లికో, బెంగళూరులో స్థిరపడటానికో దానినే అమ్మవలసి వస్తుంది. అటువంటి కుటుంబం అమ్మకానికి ముందు రెండు మూడు లక్షలు అప్పు తెచ్చి షెడ్డు వేయించదలచినప్పుడు, ఆ సొమ్ము ఎటు పోతుందో ముందే తెలుసుకోవడం మంచిది.

కొనేవారు నిజానికి ధర కట్టేది కారు లోపలికి వచ్చే దారికి, అది నిలిచే స్థలానికి, ఆ రెంటిపైనా అమ్మేవారికి గల హక్కుపత్రానికి. గోడలూ రేకులూ షట్టరూ ఆ తరువాతి సంగతి. ఈ మూడూ ఉన్నచోట షెడ్డు ధరకు కొంత తోడవుతుంది. ఏ ఒక్కటి లోపించినా పెట్టిన ఖర్చులో అధికభాగం గోడలలోనే ఉండిపోతుంది.

ముందుగా స్థలం లెక్క చూడండి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల నివేశనం 1,200 చదరపు అడుగులు. కారు నిలపడానికి సాధారణంగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, అంటే ఇంచుమించు 8 అడుగులు, 16 అడుగులకు పైగా కావాలి. షెడ్డు పెరటిలో ఉంటే వీధి గేటు నుంచి అక్కడి దాకా కారు పోవడానికి అదే 8 అడుగుల వెడల్పుతో ఒక పట్టీ వదలాలి. ముందు నుంచి వెనుక దాకా ఆ పట్టీ 320 చదరపు అడుగులు. మొత్తం స్థలంలో నాలుగవ వంతుకు మించి కారుకే సమర్పించినట్టు. అంత పట్టీ ఖాళీగా ఉన్నప్పుడు గేటు లోపలే కారు నిలుపుకోవచ్చు గదా, షెడ్డు దేనికి అని కొనేవారు అడుగుతారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. కనుక 30×40 స్థలంలో విడి గ్యారేజీ కట్టడం నా దృష్టిలో వృథా వ్యయం. బలమైన గేటు, చదునైన నేల, తలపై ఎండ తగలని ఒక పందిరి చాలు.

40×60 స్థలమైతే, లేదా వెనుక కూడా వీధి ఉన్న మూల నివేశనమైతే, సంగతి వేరు. వెనుక వీధిలోకి తెరుచుకునే షెడ్డుకు లోపలి దారి అక్కరలేదు. ముందు భాగమంతా ఇంటికే మిగులుతుంది. అటువంటి ఇంటికి విడి షెడ్డు నిజమైన అదనపు సౌకర్యం. అయితే కారు మలుపు తిరగలేని సందులో ఎంత చక్కని షెడ్డు ఉన్నా అది సామాను గదిగానే లెక్కకు వస్తుంది. కట్టించేముందు ఒకసారి కారు తెప్పించి తిప్పి చూడటం మేస్త్రీ మాటకన్నా నమ్మదగిన పరీక్ష.

ఇక పత్రాల విషయం. ఇంటికి పూర్వం తీసుకున్న అనుమతి షెడ్డుకు వర్తించదు. 1964 నాటి కర్ణాటక పురసభల చట్టం ప్రకారం కొత్త కట్టడానికైనా, ఉన్నదానికి చేర్చే కట్టడానికైనా ముందుగా అనుమతి పొందవలసి ఉంటుంది. ఇంటిచుట్టూ విధిగా వదలవలసిన ఖాళీలోకి షెడ్డు చొచ్చుకొని వస్తే అది అతిక్రమణ అవుతుంది. ఇటువంటి అతిక్రమణలను రుసుము చెల్లించి క్రమబద్ధం చేసుకోవడానికి ఉద్దేశించిన ‘అక్రమ-సక్రమ’ పథకాన్ని 2017 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ముందు కట్టేద్దాం, తరువాత సరిచేయించుకుందాం అనే ఆలోచన ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

2024 అక్టోబరు నుంచి కర్ణాటక పట్టణ ప్రాంతాలలో ఆస్తి రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా తప్పనిసరి అయింది. ఈ-ఖాతాలో ఒక కొలత, స్థలంలో మరొక కొలత కనిపించినప్పుడు కొనేవారి బ్యాంకు ప్రశ్నలు వేస్తుంది, అప్పు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్ని చూపి కొనేవారు ధర తగ్గించమంటారు. అనుమతి లేని షెడ్డు ఇంటి విలువను పెంచకపోగా తగ్గించే దారి ఇదే. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమంలో అనధికార ఆస్తులకు బి-ఖాతా లభించింది. దానివల్ల ఆస్తి పన్ను లెక్కలోకి వచ్చింది గాని, అనుమతి లేని కట్టడం అనుమతి పొందిన కట్టడంగా మారలేదు.

కంపెనీ క్వార్టర్లలో, లైను ఇళ్లలో నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ మాట మరింత స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. తాత కాలం నుంచి ఉంటున్న ఇల్లు, తండ్రి నాటిన చెట్టు, కరెంటు బిల్లు, రేషను కార్డులోని చిరునామా ఇవన్నీ నివాసానికి సాక్ష్యాలు. ఇవి యాజమాన్య పత్రాలు కావు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయం రిజిస్టరైన క్రయపత్రం ద్వారానే చెల్లుతుంది. కేవలం జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతోనో, ఒప్పంద పత్రంతోనో యాజమాన్యం చేతులు మారదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో తేల్చి చెప్పింది. నోటరీ ముద్ర వేయించిన స్టాంపు కాగితం ఆ లోటును పూడ్చలేదు. మీ పేర క్రయపత్రం లేని స్థలంలో కట్టిన షెడ్డుకు పునర్విక్రయ విలువ అంటూ లెక్కించడానికి ఆధారమే లేదు. మీ వాహనం తడవకుండా, ఎండకుండా ఉండటానికి తేలికైన పందిరి వేసుకోండి. విప్పి తీసుకుపోగల ఇనుప గొట్టాలతో వేసుకుంటే మరీ మంచిది. పునాది తవ్వి, పిల్లర్లు లేపి, కప్పు పోయించడం మాత్రం హక్కు తేలిన తరువాతే.

హక్కు, అనుమతి రెండూ సక్రమంగా ఉన్న ఇంటికి విలువ కట్టే పద్ధతి కొంచెం తెలిసి ఉండాలి. బ్యాంకు పంపే మదింపుదారు స్థలానికి వేరుగా, కట్టడానికి వేరుగా వెల కడతాడు. కట్టడం ఏటేటా పాతబడుతుంది కనుక ఆ మేరకు తరుగు తీసివేస్తాడు. రేకుల షెడ్డుకు తరుగు త్వరగా పడుతుంది; కాంక్రీటు కప్పుకు నెమ్మదిగా పడుతుంది. మీకు రెండు లక్షలు ఖర్చయిందనే కారణంతో ఎవరూ రెండు లక్షలు కలపరు. మరొకటి: షెడ్డు కూడా కట్టడపు లెక్కలో చేరితే మార్గదర్శక విలువ పెరిగి, స్టాంపు సుంకం, రిజిస్ట్రేషను రుసుము కూడా పెరుగుతాయి. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషను రుసుము 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగిందన్నది కొనేవారు మరచిపోరు. అమ్మేవరకు ఏటా ఆస్తిపన్నులో దాని వాటా మీరే కట్టాలి.

కొనేది ఎవరో కూడా ఆలోచించాలి. బంగారుపేట నుంచి మారికుప్పం వరకు 1894లో వేసిన రైలుమార్గం మీదుగానే నేటికీ మనవారు బెంగళూరు పనులకు వెళ్లివస్తున్నారు. తెల్లవారకముందే స్టేషనుకు ద్విచక్ర వాహనంపై చేరే కుటుంబానికి కారుషెడ్డు కన్నా రెండు బండ్లు భద్రంగా పట్టే వరండా ముఖ్యం. మరొక వర్గం ఉన్నది: బెంగళూరులో సంపాదించి, విశ్రాంత జీవితానికి స్వస్థలం చేరదలచినవారు. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేలో హోస్కోటె–బేతమంగల భాగం 2024 చివర వాహనాలకు తెరుచుకున్నది. కారులో వచ్చే ఇటువంటివారు కారు నిలిపే చోటును తప్పక అడుగుతారు. ఆషాఢపు గాలికి సైనైడు దిబ్బల ధూళి లేచే వీధులలో నాలుగువైపులా మూసిన షెడ్డుకు వారు కొంత ఎక్కువ ఇవ్వవచ్చు. 3 కోట్ల టన్నులకు పైబడిన ఆ మట్టి పక్కన నివసించేవారికి కారుపై పడే పొర సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అమెరికాలోని బంధువుల ఇళ్లలో విడి గ్యారేజీలు చూసి వచ్చినవారు అక్కడి ధరల మాట ఇక్కడ చెబుతుంటారు. అక్కడ కారు లేని ఇల్లు అరుదు, స్థలాలు విశాలం, చాలా ప్రాంతాలలో మంచు కురుస్తుంది. జపానులో 1962 నాటి చట్టం ప్రకారం నిలిపే చోటు చూపనిదే కారు నమోదు కాదు. అక్కడ ఖాళీ చోటుకే గిరాకీ. ఆ కారణాలు లేనిచోట ఆ ధరలూ ఉండవు.

కట్టించాలనే నిశ్చయించుకున్నవారు షెడ్డుకు ఒక కిటికీ, ఒక కరెంటు పాయింటు, నేలలో నీటి గొట్టానికి దారి ముందే పెట్టించండి. కారు లేని కొనుగోలుదారు దానిని గదిగా మార్చుకోగలనని ఊహించగలిగితే బేరం తేలికవుతుంది. అలా మార్చేటప్పుడు మళ్లీ అనుమతి అవసరమని అతనికి చెప్పండి. ఇటుక, సిమెంటు, ఇనుము రసీదులు, కూలి చెల్లించిన బ్యాంకు వివరాలు, అనుమతి పత్రం ఒకే సంచికలో దాచండి. ఇల్లు అమ్మిన సంవత్సరం మూలధన లాభంపై ఆదాయపు పన్ను లెక్కించేటప్పుడు ఆస్తిని మెరుగుపరచడానికి అయిన ఖర్చును తగ్గించుకోవచ్చు. ధరలో రాని సొమ్ములో కొంత పన్నులోనైనా మిగలాలంటే ఆ రసీదులు చూపవలసి ఉంటుంది.